మేనేజరు గారి కోటు

దర్జీ కొట్టు, మధ్యాహ్నం. తమ్ముడు కుట్టు మిషను ముందు కూర్చున్నాడు. అక్క కత్తెర పట్టుకుని అతని పొట్ట మీదికి వంగింది.

"కదలకురా. ఊపిరి బిగబట్టు."

"వదలమన్నాడక్కా, బిగబట్టమనలేదు."

"ఎవరు?"

"ఫోన్లో ఒకాయన. కష్టకాలంలో మనసు కుదురుగా ఉండాలంటే కళ్ళు మూసుకుని, గట్టిగా ఊపిరి పీల్చి వదులుతూ, చేస్తున్న పని చేసుకుపోవాలట."

"చేస్తున్న పని ఏమిటో ఆయనకి చెప్పావా?"

"వీడియోకి ఎలా చెప్పను?"

"మిషను తొక్కుతూ కళ్ళు మూసుకుని, బ్యాంకు మేనేజరు గారి కోటుకి నీ చొక్కా కలిపి కుట్టేశావు. వేలు కుట్టుకోలేదు, అదే పదివేలు."

"మనసు మాత్రం కుదుటపడిందక్కా. కాసేపు."

"ఇంకాసేపట్లో ఆయన కోటు కోసం వస్తాడు. నిన్ను కూడా తొడుక్కుని పొమ్మంటావా?"

"పోతే పోతాను. ఆయనదైతే పర్మనెంటు ఉద్యోగం."

"నవ్వించకు, కత్తెర జారుతోంది. చొక్కా విప్పెయ్యరాదూ?"

"గుండీల మీదే పడింది కుట్టు."

"ఎంత తిన్నగా పడిందో. కళ్ళు తెరిచి ఒక్కనాడూ ఇలా కుట్టలేదు నువ్వు."

"తెరిస్తే ఎదురుగా ఆ రెడీమేడ్ కొట్టే కనపడుతుందక్కా. ఎప్పుడు చూసినా జనం. మన దగ్గరికి వచ్చేవాళ్ళు దారి అడగడానికి వస్తున్నారు. అదీ ఆ కొట్టుకే."

"చెప్పకపోతే సరి."

"నువ్వే చెప్తున్నావుగా. గుమ్మం దాకా వెళ్ళి, చెయ్యి చూపించి మరీ."

"మర్యాద ఉండొద్దూ? గడ్డుకాలం అన్నాక వస్తుంది, పోతుంది. నన్ను చూడు, నిమ్మకు నీరెత్తినట్టు లేనూ?"

"అదే నా భయం."

"ఏది?"

"నువ్వింత నిమ్మళంగా ఎలా ఉన్నావా అని. అక్కా, ఒకటి అడగనా?"

"పొట్ట లోపలికి లాగి అడుగు."

"రోజూ భోజనమయ్యాక ఎక్కడికి వెళ్తున్నావు?"

"దారం కొనడానికి."

"సొరుగు నిండా దారమే."

"అయితే గుండీలకి."

"ఎదురు కొట్లోకి వెళ్తున్నావు. నేను చూశాను. అక్కడ పనికి కుదురుతున్నావు కదూ? చెప్పెయ్యి, ఏమీ అనుకోను. కాదు, అనుకుంటాను. నువ్వు పోతే ఈ కొట్టు నా ఒక్కడి వల్ల కాదక్కా. రెండోరోజే మూసేస్తాను."

"ఏడవకు, కోటు తడుస్తుంది."

"మరెందుకు వెళ్తున్నావు?"

"ట్రయల్ రూం కోసం."

"వాళ్ళ బట్టలు కొంటున్నావా? నువ్వా?"

"కొనడానికి కాదురా. దానికి తలుపుంది, గడియుంది. ఓ చొక్కా పట్టుకుని లోపలికి వెళ్తాను. కాసేపు ఏడుస్తాను. సైజు చాలలేదని చొక్కా తిరిగిచ్చేసి వస్తాను. ఇక్కడెక్కడ ఏడవమంటావు, నీ ముందా?"

"అక్కా."

"ఊఁ."

"సైజు చాలలేదంటే నమ్ముతున్నారా?"

"వాళ్ళ కుట్టు అలాంటిది. ఇదిగో, ఊడింది. లే ఇక."

"ఇవాళ ఊరికే తిరిగొచ్చేశావేం? అలా వెళ్ళి ఇలా వచ్చావు."

"గడియ వేసుంది. తడితే తియ్యరు. ఇంకోసారి తట్టాను. చివరికి ముక్కు తుడుచుకుంటూ ఆ కొట్టు ఓనరే బయటికొచ్చాడు."