సవ్వాతి పద్యం ఎవరిదో తేలిన రోజు

ఆ ఫొటోలో మీసాలాయనా? మా సవ్వాతి అమ్మా. నువ్వు పుట్టకముందే పోయాడులే. అడవిలో కొట్టిన దుంగల్ని ఏట్లో వేసి పట్నం దాకా తోలేవాడు. పని లేనప్పుడు కవిత్వం. కూర్చో, నిలబడ్డావేం. మన పెద్దకవి ఉన్నాడు కదా, బడిలో ఏ గోడ చూసినా ఆయనేనాయె, వీడికి వాళ్ళమ్మ ఆయన పద్యాలు ఉగ్గుపాలతో పట్టేసింది. అదే వీడి ప్రాణం మీదికొచ్చింది. ఏది రాసినా ఆయన నడకే. "ఒరే ప్రోకోపీ, ఇది నాకు తట్టిందంటావా, గుర్తొచ్చిందంటావా?" అని నన్నడిగేవాడు. పడవ నడిపేవాణ్ణి, నాకేం తెలుసు? బాగుందిరా అనేవాణ్ణి. "బాగుందంటే ఆయనదే అయ్యుంటుంది" అని మొహం వేలాడేసేవాడు. పిచ్చిమాలోకం.

ఆఖరికి వీడి పుస్తకం వేస్తామన్నారు. వేసేముందు ఊరి క్లబ్బులో అందరి ముందూ చర్చ. పట్నం నుంచి వికెంతి అని ఒక విమర్శకుడు దిగాడు. మనిషి మంచివాడే, గొంతే సన్నం. "కామ్రేడ్లారా, ఈ కవిత్వం పెద్దకవి దగ్గర ఎరువు తెచ్చుకున్న కోటు. ఇది అచ్చెయ్యడం సిగ్గుచేటు" అన్నాడు. మా సవ్వాతి తల దించుకున్నాడు. వాడికీ అదే అనుమానమాయె. మన ఊరి సంగతి తెలుసుగా, పెద్దకవి పద్యం ఎవరైనా సగంలో ఆపితే మిగతా సగం జనం అందుకోవాల్సిందే. రొట్టెల క్యూలోనైనా సరే. వికెంతి అది కనిపెట్టాడు. పెద్దకవి పాదం ఒకటి చదివి ఆపాడు. హాలంతా ఒక్క గొంతుతో పూర్తి చేసింది. ముసిముసిగా నవ్వి, "ఇప్పుడిది. ఎక్కడ దొంగిలించాడో మీకే తెలుసు, పూర్తి చెయ్యండి" అని సవ్వాతి పాదం అందుకున్నాడు, "మంచు కప్పుకుని ఏరు పడుకుందనుకోకు..."

ఆగాడు. ఒక్కరూ పలకలేదు. ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. పెద్దకవిని ఈ చివర నుంచి ఆ చివరికి వల్లించే మంత్రసాని ఉస్తీన్యా లేచి, "ఇది ఆయనది కాదు బాబూ. మాకు రాదు" అంది. అప్పుడు వెనక బెంచీలోంచి మా అగ్నియా వదిన, సవ్వాతి పెళ్ళాం, విసుగ్గా అందుకుంది: "కళ్ళు మూసుకుని మా అమ్మలాగే మేలుకునే ఉంది." పాదం పూర్తి చేసి, "పొయ్యి దగ్గర చేరి పొద్దస్తమానం ఇదే గోల, నాకు రాకపోతే ఎవరికొస్తుంది?" అంది.

హాలు విరగబడి నవ్వింది. వికెంతి కూడా నవ్వాడనుకో, పాపం. నాకు గుండెల మీంచి బండ దించినట్టయింది. సవ్వాతి మాత్రం నవ్వలేదు. గబగబా బయటికి నడిచాడు. ఏమైపోతాడోనని వెనకే పరిగెత్తాం. క్లబ్బు ఎదురుగా పెద్దకవి విగ్రహం కింద, టోపీ తీసి మంచులో నిలబడి ఉన్నాడు, కళ్ళమ్మట నీళ్ళు. "అయ్యా, ఇన్నాళ్ళూ మీ మొహం చూడలేకపోయాను. మీ వెనకే నడిచాను గానీ మీ జేబులో చెయ్యి పెట్టలేదటండీ" అన్నాడు. వదిన ఆ టోపీ లాక్కుని నెత్తిన పెట్టింది. "ఆయనది రాయి. చలి నీకే. పద" అంది. అప్పుడు నవ్వాడమ్మా. వాడు అలా నవ్వగా నేను చూడ్డం అదే మొదలు.