ఇంద్రసేన గారి బల్ల మీది బాదంపప్పు

1991 జులై పదిహేను, సోమవారం, ఉదయం పది గంటల పది నిమిషాలు. రాత్రంతా కురిసిన వాన అప్పుడే వెలిసి, ఆకాశం ఇంకా మబ్బుగానే ఉండి, చిక్కడపల్లి సందుల్లో చీలమండల లోతు నీళ్లు నిలిచివున్న ఆ వేళ, ప్యాంటు అంచులు మడిచి, చెప్పులు చేతబట్టుకొని, శ్రీ ఇంద్రసేన గారు మన విద్యార్థి ప్రచురణల సహకార సంఘం మెట్లెక్కి, ఫొటో కంపోజింగ్ విభాగంలో ఉద్యోగిగా చేరారు.

కంపోజింగ్ యంత్రాలు పోయి కంప్యూటర్లు వచ్చినప్పుడు, నారాయణగూడలోని తమ ఇంటికి దగ్గరలో ఉన్న ఒక శిక్షణ కేంద్రంలో సాయంకాలాలు కూర్చొని, ఆయన ఆ విద్యను స్వయంగా అభ్యసించారు. తెలుగు అక్షరాలు తెరపై ఒకలాగా, కాగితంపై మరొకలాగా కనిపించే ఆ తొలిరోజుల్లో, ఒత్తులు చెదిరిన ప్రతి పుటనూ ఓపికగా చక్కదిద్దారు. క్రమంగా కార్యాలయంలోని యంత్రాలన్నీ ఆయన సంరక్షణలోకి వచ్చాయి. 2017లో మన ఉద్యోగి ఒకరి ల్యాప్‌టాప్ సిటీ బస్సులో పోవడంతో, అశోక్‌నగర్ హాస్టళ్లలోని వేలాది మంది అభ్యర్థులు ఎదురుచూస్తున్న నమూనా ప్రశ్నపత్రాలు పరుల చేతిలో పడతాయేమోనని సంఘమంతా గడగడలాడింది. అప్పటినుంచే ప్రతి యంత్రంలోని సమాచారాన్నీ పరులకు అర్థంకాని రూపంలోకి మార్చి తాళం వేసే పద్ధతిని ఆయన ప్రవేశపెట్టారు.

వారి పదవీ విరమణ సందర్భంగా వెలువడుతున్న ఈ సంచిక కోసం తమ విజయాలను తెలియజేయమని కోరినప్పుడు, ఆయన "ఆ సోమవారం సంగతి రాయకపోతే నా మీద రాసిందంత అబద్ధమే అయితది" అన్నారు. వారి కోరిక మేరకే, అప్పటి మన సీనియర్ ప్రూఫ్ రీడర్ ప్రభావతి గారి అనుమతితో, ఆ ఉదంతం ఇక్కడ పొందుపరచబడుతున్నది.

అది 2018 శ్రావణమాసం. వాస్తు పండితుని సలహాపై కార్యదర్శి శ్రీ రమాకాంత్ గారు, శనివారం మంచి ముహూర్తాన, కార్యాలయంలోని బల్లలన్నింటినీ తూర్పుముఖం చేయించారు. ప్రభావతి గారి స్థానంలోకి పార్సిల్ విభాగపు ఓదెలు గారు, ఓదెలు గారి స్థానంలోకి ప్రభావతి గారు వచ్చారు. ఎవరి యంత్రం వారి వెంటే వెళ్లింది. ఆ సందట్లోనే ఇంద్రసేన గారు, నెమ్మదించిన ప్రభావతి గారి యంత్రాన్ని బాగుచేద్దామని, దాని మూలస్థాయి సాఫ్ట్‌వేర్‌ను మార్చారు. అలా మార్చేముందు తాళాన్ని తాత్కాలికంగా నిలిపివేయాలి; లేకుంటే ఎవరో పరులు ముట్టారనుకొని యంత్రం తెరుచుకోదు. ముహూర్తం మించిపోతున్నదని కార్యదర్శి గారు కేకవేయడంతో ఆ పని ఆయన మరిచారు. మార్చిన సంగతి ఆమెకు చెప్పడమూ మరిచారు.

సోమవారం ఉదయం ఆ యంత్రం తెరుచుకోలేదు. నీలి తెరపై పొడవైన అంకెల తాళంచెవి అడుగుతూ నిలిచిపోయింది. ఉద్యోగి తన రహస్యసంఖ్యను పలుమార్లు తప్పుగా కొట్టినా అదే తెర వస్తుంది గనుక, ఇంద్రసేన గారి ఆలోచన వెంటనే అటే పోయింది.

"నేను ఒక్కసారే కొట్టిన ఇంద్రసేనా," అన్నారు ప్రభావతి గారు.

"ఒక్కసారి కొడితే ఇట్ల లాక్ గాదక్కా. పదిసార్లు కొట్టి మర్చిపోయినట్టున్నరు. రోజూ కొట్టే నంబరే యాదికి లేకపోతే మేమేం జేస్తం?"

గది నిండా నవ్వులు. ఓదెలు గారు కింది కిరాణా దుకాణానికి వెళ్లి, ఒక పొట్లం తెచ్చి ఆమె బల్లపై పెట్టారు. "బాదంపప్పు అక్కా! నానబెట్టుకొని తినుండ్రి. మిగిల్తే మాక్కూడ జర వెట్టుండ్రి." ఆమె కూడా నవ్వారు. ఆమె తల్లి చివరి సంవత్సరాల్లో కన్నబిడ్డల పేర్లే మరిచిపోయి కన్నుమూశారనీ, తనకూ ఆ గతే పడుతుందేమోనన్నది ఆమె లోలోపలి భయమనీ ఆ గదిలో తెలిసినవారు ఇంద్రసేన గారొక్కరే. తెలిసీ ఆ మాట అన్నారు.

ఆయన వద్దనున్న తాళంచెవి కూడా పనిచేయలేదు. మధ్యాహ్నానికి గాని కారణం తట్టలేదు: తాళంచెవులను ఆయన యంత్రాల వారీగా గాక, కూర్చునే స్థానాల వారీగా భద్రపరిచారు! స్థానాలు మారాయి. నీలి తెరపై కనిపించే గుర్తుతో పోల్చి చూస్తే, ఆమె యంత్రపు తాళంచెవి ఇప్పుడు ఓదెలు గారు కూర్చున్న స్థానం పేరిట బయటపడింది. యంత్రం తెరుచుకొని, శనివారం తాను మార్చిన సాఫ్ట్‌వేర్ తేదీని ఆయనకు చూపించింది. తాళం ఎప్పుడు, ఎవరి చేతి పనివల్ల పడిందో కూడా ఆ క్షణానే ఆయనకు స్పష్టమైంది.

"అయిపోయిందక్కా," అన్నారాయన.

"నీకు పుణ్యముంటది బిడ్డా. నా తలకాయనే పనిజేస్తలేదు."

కాదు అనవలసిన చోట ఆయన మౌనం వహించారు. అందరి ఎదుట తానన్న మాటను అందరి ఎదుటే వెనక్కు తీసుకోవలసి వస్తుందన్న బిడియం ఆయన నాలుకను కట్టివేసింది. ఆ మౌనానికి ఫలితం సాయంకాలానికే కనబడింది. ప్రభావతి గారు కార్యదర్శి గారి గది గుమ్మంలో నిలబడి, "సార్, ఈ నెలాఖరుకు నన్ను పంపియ్యుండ్రి. మతిమరుపు మనిషి ప్రూఫు చూస్తే తప్పులు పోతయి. చదువుకునే పిల్లల నోట్ల మన్ను గొట్టినట్టయితది" అన్నారు. పదవీకాలం ఇంకా రెండేళ్లుండగానే, చేయని తప్పుకు ఆమె తనకు తానే శిక్ష వేసుకుంటున్నారు.

నారాయణగూడ వైపు వెళ్లవలసిన ఇంద్రసేన గారు ఆనాడు ఆమె వెనుకనే నడిచారు. పిలుద్దామని రెండుసార్లు దగ్గరకు వెళ్లి, మళ్లీ వెనుకబడ్డారు. అశోక్‌నగర్ చౌరస్తాలో ప్రభావతి గారు నిలబడి, చేతిలో కరెంట్ అఫైర్స్ పుస్తకంతో చాయ్ తాగుతున్న ఒక విద్యార్థిని అడిగారు:

"బిడ్డా, గాంధీనగర్‌కు ఇటే గదా?"

ముప్పై ఏళ్లుగా ప్రతిదినం ఆమె తన ఇంటికి నడిచిన తోవ అది.

తల ఎత్తలేని సిగ్గంటే ఏమిటో తనకు అక్కడే తెలిసిందని ఆయన అంటారు. గబగబా ముందుకు వెళ్లి, "అక్కా, మీరు మర్వలే. నేనే మర్చిన. మధ్యాహ్నమే తెలిసింది, చెప్పలే" అన్నారు. ఆమె ఆయనను ఎగాదిగా చూశారు. కళ్లజోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

"గిది నాకొక్కదానికి చెప్తే ఏం లాభం ఇంద్రసేనా? అన్నది అందరి ముందట. రేపు అందరి ముందట్నే చెప్పు."

మరునాడు ఉదయం, అందరూ వచ్చి కూర్చున్న తరువాత, ఇంద్రసేన గారు నిలబడి జరిగినదంతా పూస గుచ్చినట్టు చెప్పారు. "సరిజేసిండ్రు గదా, ఇగ లొల్లెందుకు?" అని రమాకాంత్ గారు ఆపబోయినా ఆగలేదు. "యంత్రం సరైంది సార్. నేనన్న మాట సరిగాలే" అన్నారు. ఎవరూ నవ్వలేదు. ఓదెలు గారు తల వంచుకొని పార్సిళ్లకు తాడు బిగిస్తూ ఉండిపోయారు. ప్రభావతి గారు లేచి, తన బల్లపై విప్పకుండా ఉన్న బాదంపప్పు పొట్లాన్ని తీసుకువెళ్లి ఇంద్రసేన గారి ముందు పెట్టారు.

"ఇవి నాకంటే నీకే అక్కెరకొస్తయి. నానబెట్టుడు మర్వకు."

అప్పుడు నవ్వారు అందరూ. ఇంద్రసేన గారు నవ్వలేకపోయారు.

ఆమె తన రాజీనామా మాటను విరమించుకున్నారు గాని, చూసిన పుటనే మళ్లీ మరొకరి చేత చదివించుకునే అలవాటు మరుసటి ఉగాది వరకూ ఆమెను విడువలేదు. అలా చదివించుకుంటున్న ప్రతిసారీ ఆయన చూపు నేలకు వాలిపోయేది. నాటినుంచి తాళంచెవులు యంత్రాల గుర్తుల వారీగా మారాయి, వాడేవారికి చెప్పకుండా ఏ యంత్రాన్నీ ఆయన ముట్టలేదు, యంత్రం తెరుచుకోక కంగారుగా వచ్చినవారు ఎవరైనా సరే, ఆయన నోట మొదట వినిపించిన మాట ఒక్కటే: "ఆగుండ్రి. మీరేం జేసిండ్రో తర్వాత. నేనేం జేసిన్నో ముందు చూస్తా." కొత్తగా చేరిన ప్రతి ఉద్యోగికీ మొదటిరోజే ఈ కథ చెప్పి, ఎదుట ఒక చిన్న గిన్నెలో బాదంపప్పు పెట్టడం ఆయన ఆచారంగా మారింది. నేర్పు గల ఉద్యోగులు మన సంఘంలో పెక్కుమంది ఉన్నారు. తమ సిగ్గును దాచక, దానిని పదిమందికి పాఠంగా పంచినవారు మాత్రం అరుదు.

ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్న శ్రీ ఇంద్రసేన గారు, సహధర్మచారిణి శ్రీమతి సంయుక్త గారితో కూడి, ఏ యంత్రమూ పిలవని ప్రశాంతమైన ఉదయాలతో, చెదరని ఆరోగ్యంతో, నిండు నూరేళ్లు వర్ధిల్లాలని సహోద్యోగులమందరమూ మనసారా కోరుకుంటున్నాము.

ప్రభావతి గారు తమ పదవీకాలం ముగిసేదాకా పనిచేశారు; ఆ తరువాత కూడా ఇంటివద్దనే మన పుస్తకాల ప్రూఫులు చూస్తున్నారు. ఈ వ్యాసం ప్రూఫులు చూసినది కూడా వారే.