చందమామకు పగ్గం

చనిపోయిన అక్కను ఎక్కడ పూడ్చాలో బావ నోట వినాలని తమ్ముడు యాప్ పార భుజాన వేసుకుని కొట్టు అరుగు దగ్గరికి వచ్చాడు. తల్లి సమాధి పక్కన పడుకోవాలన్నది అక్క సబీనా చివరి కోరిక. ఆ సమాధి ఉన్న గొర్రెల పొలాన్ని దొర అమ్మేశాక, దక్షిణాఫ్రికాలోని కరూ మైదానంలో ఆ మేరంతా రేడియో దూరదర్శినుల రక్షిత ప్రాంతమైంది. అక్కడ ఫోను మోగకూడదు, పెట్రోలు బండి తిరగకూడదు. తిరిగితే నక్షత్రాల గుసగుసలు వినబడవట.

బావ ఈసాక్ నల్ల టీ చప్పరిస్తూ కోతలు కోస్తున్నాడు.

"పెట్రోలు బండిలో రవ్వ ఎగురుతుంది, దాంతో వాళ్ల దూరదర్శిని గొడుగులకు చెవిపోటు. నా గాడిద బండికి రవ్వేది? అందుకే నన్ను పిలిచి ఇనుప మేకులు తోలమన్నారు."

"నిన్నే పిలిచారా మామా?" అంది కొట్టు నడిపే సారా.

"నన్ను కాక నీ మొగుణ్ణి పిలుస్తారా? నా గాడిదలు ఆ గొడుగుల చుట్టూ తిరిగాయి. ఎలా తిరిగాయో తెలుసా? వెంట్రుకవాసి అటూ ఇటూ పోలేదు. లోపలి పెద్దాయన లెక్కగట్టి, 'ఈసాక్ గారూ, ఇంత నిలకడైన కక్ష్య చందమామకు కూడా లేదండీ' అన్నాడు."

"చందమామ వింటే ఏడుస్తుంది."

"ఏడ్చింది, అలిగి దారి తప్పింది కూడా. కేప్‌టౌన్‌లో సముద్రం మేడలెక్కింది. పెద్దాయన నా కాళ్ల మీద పడ్డాడు. ఏం చేస్తాను, గాడిద పగ్గం విప్పి చందమామ కొమ్ముకు విసిరి, మొండి పొట్టేలును లాగినట్టు లాగి దాని దారిలో పెట్టాను. ఆనాటి నుంచి ఆ గొడుగుల చోటి గేటు నాది. శనివారం నా సబీనా వస్తుంటే గొడుగులన్నీ తలలు వంచుతాయి, చూస్తుండండి."

సారా నవ్వబోయి మానేసింది.

"బావా, మంగళవారం ఆ గేటు దగ్గర నీ వెనకాలే ఉన్నాను" అన్నాడు యాప్. "టోపీ చేత్తో పట్టుకుని పొద్దు వాలిందాకా నిలబడ్డావు. కాపలావాడు నీ పేరు రెండుసార్లు అడిగాడు. గేటు తియ్యలేదు."

ఈసాక్ గ్లాసు కింద పెట్టాడు.

"ఊరి శ్మశానంలో చోటిస్తామన్నారు. తవ్వమంటావా బావా?"

"తవ్వు. తల మాత్రం వాళ్లమ్మ ఉన్న వైపు పెట్టించు" అన్నాడు ఈసాక్.

"అక్కడ అందరినీ ఒకే వరసలో, ఒకే దిక్కుకు పెడతారు బావా. తల ఎటన్నది మన చేతిలో లేదు."