గెనిమతో చెప్పుకునే మాటలు

చౌడప్పా అని పిలిచినానా నిన్ను? పిలవలేదే! నేను ఈ చేని గట్టుతో, ఈ గెనిమతో మాట్లాడతాండా. ఆ పక్క నా తమ్ముడు నిలబడి వింటాంటే విననీ. చెవులు వానివి.

ఏమే గెనిమా, నెత్తిన ఇంత వయ్యారిభామ కలుపు పెంచుకుండావే! నడుమెత్తు లేసింది. మొగ్గ కూడా కట్టింది. పదునుకు వాన పడింది, రేపు విత్తనానికి గొర్రు కట్టల్ల నేను. శెనక్కాయ మొలిచేలోపల ఈ మొగ్గలన్నీ తెల్లగా పూస్తాయి. మళ్లీ పోయినేడు మాదిరే గదా?

రెండువేల సంవత్సరం వచ్చిందని ఊరంతా ఎగిరినారు. చేను మాత్రం నల్లగా మాడిపాయె. చిగురు వాలిపాయె, కాండం నల్లబడె, పీకి చూస్తే కాయ దిగే ఊడలు ఎండుండాయి. గడ్డిపోచ లేకుండా తవ్వించినోణ్ణి, చాలు వంకర పోతే మళ్లీ తోలించినోణ్ణి! నాకా ఈ గతి?

అందుకే మొన్న పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన భారతమ్మను కూర్చోబెట్టి అడిగినా. సంతకం తప్ప నాకు చదువు రాదు తల్లీ, అయినా సగం సగం చెప్పద్దు, మొదలంటా చెప్పు అన్నా. చెప్పింది. తెగులుకు మూలం ఒక సన్న దారమంట, ఆర్‌ఎన్‌ఏ అంటారంట. ఆ దారం ఒక్కటే మొక్క కణంలోకి పోతే ఊరికే పడుంటాదంట. ప్రోటీనని ఒకటి వెంట వచ్చి దాని తోక పట్టుకోవల్లంట. "సారువ కట్టెలు నిలబెట్టకుండా గోడ లేస్తుందా పెద్దాయనా?" అనింది. అది పట్టుకుంటేనే దారం లేచి, మొక్క సత్తువంతా తీసుకోని తనలాంటివి లెక్కలేనన్ని కట్టుకుంటాదంట.

మరి నా చేన్లోకి ఎట్లొచ్చె తల్లీ అంటే, వయ్యారిభామ పూల దుమ్ములో అంట! ఆ దుమ్ము ఆకు మీద రాలితే, తామరపురుగు ఆకును గీకి గాయం చేస్తాదంట. ఆ గాయంలోంచి తెగులు లోపలికి పోతాదంట.

"ఆ గెనిమ ఎవరిది పెద్దాయనా?" అని అడిగింది. తల కొట్టేసినట్లాయె. నా తమ్మునిదని నా నోటితో చెప్పల్ల గదా!

నువ్వే పెరకచ్చు గదా అంటావా గెనిమా? పంపకాలనాడు వాడు గట్టురాయి జానెడు జరిపినాడు. ఊఁ, లేదని ఇప్పుడూ తల ఊపుతాండాడు చూడు! ఆపొద్దే చౌడమ్మ గుడి ముందర అన్నా, ఈ గెనిమ మీద కాలు పెడితే నేను ఆంజినప్పనే కాదని. కూలోళ్లను పంపితే? అదీ నా కాలే గదా! ఒట్టంటే ఒట్టే.

కానీ ఇంట్లో విత్తనం ఈ ఒక్క తూరికే ఉండాది. ఇదీ మాడితే ఎద్దులు సంతకు పోతాయి, నేను బెంగుళూరు పోయి ఇటుకలు మోయల్ల. ఈ వయసులో! వాని చేను మాత్రం మిగులుతుందా? పోయినేడు వానిదీ పోలేదా?

ఆ పాపిష్టి దారానికి కూడా తోక పట్టుకునేది ఒకటి ఉండాది, నాకెవరుండారు!

సరే పోనీ. చౌడమ్మ ఏం చేస్తాదో చేయనీ. ఇదో, కాలు పెడతాండా. పెట్టినా! ఈపొద్దు నుంచి నేను ఆంజినప్పను కానులే.

అబ్బా, నాలుగు మొక్కలు పెరికేలోపలే చేతులకు ఏం దురద ఇది!

ఏందది, నా మీదికి విసిరింది? గోనెగుడ్డనా? చేతులకు చుట్టుకోమనా? ఎవరు విసిరినారో నేను చూల్లేదు. గెనిమే ఇచ్చిందనుకుంటా.

ఏయ్, ఆ కొసాన ఎవరది, పైపైన తుంచేది? వేరుతో రావల్ల, చౌడప్పా!

ఏం అట్ల చూస్తావు? గెనిమతో అన్నాలే.