పాఠంలో లేనివాళ్ల కోసం

అమ్మలారా, అయ్యలారా! డ్యూటీ దుస్తుల్లోనే పరుగున వచ్చి వెనక నిలబడ్డ నర్సింగ్ పిల్లలారా! మీకు నర్సింగ్ చరిత్ర పాఠం చెప్పిన మేడమ్ ఇక లేదు. హాస్టల్లో ఆమెతో ఒకే గదిలో ఉండి చదువుకున్నదాన్ని, ‘అన్నారు, వెళ్లారు’ అని మన్నించి మాట్లాడడానికి నాకు నోరు తిరగదు. ఏడుద్దామనే వచ్చాను. ఏడుపు కన్నా ముందు కోపం వస్తోంది.

మీరు ఆమెకు పెట్టిన పేరు ‘ఎవరు లేరు మేడమ్’. పుస్తకంలో ఏ పేజీ తెరిచినా, ‘ఇందులో ఎవరు లేరు?’ అని అడిగేది. ఎవరు లేరు? ఇంటింటికీ వెళ్లి పురుళ్లు పోసిన మంత్రసానులు లేరు. అంటురోగాల వార్డు నుంచి అందరూ పారిపోతే, ఉండిపోయిన ఆయాలు లేరు. వలస వచ్చి, వంకర చూపులు భరిస్తూ పనిచేసినవాళ్లు లేరు. మగ నర్సులు లేరు. ఉన్నదల్లా నలుగురు గొప్పింటి ఆడపడుచులు. మరి అంతమంది రోగుల ఒళ్లు తుడిచింది ఆ నలుగురేనా?

ఒక ఏడు ఒక విద్యార్థి చదువు మానేస్తానన్నాడు. వార్డులో రోగుల చుట్టాలు నవ్వారు. ‘ఆడవాళ్ల పనికి పోయావు’ అని కన్నతండ్రే మాట్లాడడం మానేశాడు. అతను పెట్టె సర్దుకుంటే, ఈవిడ వెళ్లి ఆ పెట్టె మీద కూర్చుంది! యుద్ధాల్లో క్షతగాత్రులను మోసి, కట్లు కట్టిన మగవాళ్ల కథలు చెప్పింది. ‘నీకంటే ముందు ఈ దారిన నడిచినవాళ్లున్నార్రా. వాళ్ల సంగతి నీకెవరూ చెప్పలేదు, అంతే’ అంది. అతను ఉండిపోయాడు. ఆఖరి రోజుల్లో ఆమెను పక్కకు తిప్పి, వీపు తుడిచి, పుండు పడకుండా కాపాడింది అతనే.

మన కాలేజీ వరండాలో పెద్దల ఫోటోల పక్కన, ప్రసూతి వార్డులో జీవితం గడిపిన ఒక ఆయా ఫోటో తగిలించింది. రంగులు వేస్తామని అన్నీ దించారు. రంగు ఆరింది. అన్నీ ఎక్కాయి, అదొక్కటి తప్ప! అడిగితే, మేకు ఊడిపోయిందన్నారు.

సిలబస్ కమిటీ చుట్టూ ఎన్నిసార్లు తిరిగిందో! ఈ లేనివాళ్ల మీద ఒక్క పాఠం చేర్చమంది. ‘పరీక్షలో రాదు కదమ్మా’ అన్నారు. ‘మీరు పెడితే వస్తుంది కదండీ’ అంది. నవ్వారు. టీ ఇచ్చారు. వచ్చే ఏడు చూద్దామన్నారు. ఆ వచ్చే ఏడు ఏనాడైనా వచ్చిందా? చెప్పులరిగాయి, మోకాళ్లరిగాయి. ‘గోడకు చెప్పినా ఈపాటికి బీట వారేదే!’ అనేదట. ముందు వరుసలో ఉన్న ఆమె చెల్లెలు ఇందాక నాతో చెప్పి, నవ్వబోయి ఏడ్చేసింది.

ఇందాక కమిటీ అధ్యక్షులు లేచి, కాలేజీ లైబ్రరీకి ఆమె పేరు పెడతామన్నారు. అయ్యా, బతికుండగా మాట చెవిన పెట్టకుండా, పోయాక పేరు చెక్కిస్తే ఎవరికండీ? ఆమె పేరు అడగలేదు. పాఠం అడిగింది.

లేవండి, అందరం కాసేపు మాట్లాడకుండా నిలబడదాం. ఆ తర్వాత మాత్రం ఎవరూ తలుపు వైపు నడవొద్దు. కమిటీ వాళ్లంతా ఇక్కడే ఉన్నారు. పాఠం పెడతారో, పెట్టరో, ఈ పిల్లల ముందు చెప్పి వెళ్లండి. అందాకా మేం కూర్చోం.