బిందెడు నీళ్లు, జీపు కమాన్లు

“నాయినమ్మా, పొద్దటి సంది నేను జీపు కింద పండుకొని తన్లాడుతుంటె నువ్వు గడపల కూసొని నవ్వుతవేంది? తాత గూడ గిట్లనే వాకిట్ల జీపు కమాన్లు మార్సిండని బాపు అంటుండె. గదేందో జెప్పరాదు.”

నవ్వకేం జేస్తరా సామ్యేలూ. చేతులకు గ్లౌసులేసుకున్నవ్, పక్కపొంటి ఫోన్ల ఎవడో ఇంగ్లీషుల జెప్తుండు, డబ్బాల్లకెల్లి ఎర్రెర్రటి స్ప్రింగులు తీసి పెండ్లిపిల్ల సొమ్ముల లెక్క బట్ట మీద పర్సినవ్. మీ తాత సూస్తె, ఏందిరా జీపుకు ఆపరేషనా, అనేటోడు. గది యాదికొచ్చి నవ్విన. గా పానా పక్కకు పెట్టు, కాలు మీద పడ్తది. జర చాయ తాగు, జెప్త. నా మాటలు గూడ ఫోన్ల పట్టుకుంటున్నవా? పట్టుకో, నాకేం భయమా.

మీ తాత జీపు మిలిట్రోళ్లు వేలమేసింది. పైన టాపు లేదు, తలుపుల్లేవ్, లోపట కూసుంటె ఊరంత కనవడ్తుండె, ఊరంతటికి మనం కనవడ్తుంటిమి. మనం గప్పుడు రుద్రూర్ పక్క పల్లెల ఉంటుంటిమి. మా బాపుది వర్ని, నీకెర్కే గదా, మా బాపు ఆడ చర్చి గుడిల గంట కొట్టేటోడు, ఐతారం పొద్దుగాల ఆ గంట వింటెనే నాకు ఆకలయ్యేది, ఎందుకంటె గుడి అయినంకనే బువ్వ... ఏం జెప్తున్న? ఆఁ, జీపు. మీ తాత బోధన్ల ఫిట్టర్ పని నేర్సి, ఆ జీపు తెచ్చి, పల్లెలోళ్లను బోధన్‌కు, నిజామాబాదుకు తీస్కపోయేటోడు. మనిషికి పావలనో అర్ధరూపాయో... అర్ధరూపాయి కాదు, పావలనే. అర్ధరూపాయి తర్వాత అయింది.

కమాన్లంటె నీకు జూపిద్దామంటె ఇప్పుడు యాడున్నయ్. ఇనుప పట్టీలు బిడ్డా, ఒకదాని మీద ఒకటి పేర్సి, కొసలు పైకి వంగి, బండి బరువంత ఆటి మీదనే ఊగేది. జీపు ముసలిది గదా, కమాన్లు కూలవడ్డయ్. గుంతల పడితె పట్టీ పోయి కింద ఇనుముకు తగిలి ఢామ్ అనేది. నడుములిరిగి చేతిల పడ్డట్టుండేది. తొవ్వ ఎసుంటిది మరి! చెరుకు నరికే కాలమొస్తె కాల్వ గట్టు పొంటి ఎడ్లబండ్లే, ఒకదాని ఎన్క ఒకటి, ఫ్యాక్టరీ దాక. ఇనుప పట్టా చక్రాలు. మోకాలు లోతు గాడులు పడేటియి.

ఇగ ఇను. మీ బాపుకంటె ముందుగాల నాకు ఇద్దరు కడుపులనే పోయిండ్రు. నీకు ఎవ్వలు జెప్పిండకపోవచ్చు. మొదటిది ఎడ్లబండిల పోయింది, ఆర్నెల్లకు. రెండోది జీపులనే. మీ తాతనే నడిపిస్తుండె. గా గాడిలనే, ఢామ్ అన్నది, నేను అయ్యో అన్న, అంతే. ఆయనే బొంద తవ్వొచ్చి కాళ్లు గడుక్కొని, నా పక్కకు కూసొని, నా చేతి ఏళ్లు పట్టుకొని లెక్కపెట్టిండు. ఒకటి, రెండు, మూడు... పిచ్చోని లెక్క. నేననుకున్న, ఈ మనిషి లోపట ఏదో ఇరిగింది, బయటికి సప్పుడు రాలేదు, అని.

మూడోపారి కడుపు నిలిచినంక నిజామాబాదు డాక్టరమ్మ జెప్పింది, గర్భసంచి జర కమ్జోర్ ఉన్నది, పదైదు దినాలకొకసారి నాకు సూపియ్యాలె, గని కుదుపులు తగలొద్దు. నవ్వొచ్చింది నాకు. అమ్మా, నీ కాడికి రావాలన్నా కుదుపే, రాకున్నా ముప్పే, మరి నేను ఎగిరి రావాల్నా అన్న. నాకు నోరు ఆగదు, అప్పుడూ గంతే. పట్నంల ఉందామంటె మనోళ్లు ఎవ్వలు లేరాయె.

మీ తాత ఏం జేసిండంటవ్? చెడిపోయిన చెరుకు లారీకెల్లి లావు లావు కమాన్ పట్టీలు పట్టుకొచ్చిండు. ఆయన లెక్క ఏందంటె, కమాన్ కూలవడ్తుంది గనకనే దెబ్బ తగుల్తుంది, కూలనిది పెడితె తగలదు. ఒప్పుకోవల్సిన మాటనే గదా? చెరుకు కాడ మసిలెటోళ్లందరికి గదే బుద్ధి. ఏదన్న బరువు మొయ్యలేకపోతె ఇంకో పట్టీ ఎయ్యి, ఇంకో పట్టీ ఎయ్యి.

గీ వాకిలి లెక్కనే ఉండె మా వాకిలి. జాకీ ఒక్కటే ఉన్నది, గది గూడ జారుతుండె. జీపు కింద ఆనిచ్చెతందుకు ఏం దొరకక నా రోలు బోర్లేసిండు! అవు, పచ్చడి నూరే రోలు. దాని మీద జీపు. మా అత్త ఒర్లుడు షురూ జేసింది. “మొగుడు జీపుకు పీటేసిండు, పెండ్లం పచ్చడి యాడ నూరాలె, నీ నెత్తి మీదనా?” నాలుగు దినాలు మా ఇంట్ల పచ్చడి లేదు, ఉత్త పప్పే. బోల్టులు తుప్పు పట్టి కదలకపోతుండె. గాస్‌నూనె పోసుడు, సుత్తెతోటి కొట్టుడు, మళ్ల పోసుడు. దీపంల పొయ్యనీకె నూనె మిగల్లె. నేను గడపల కూసొని జూస్తుంటి, గిప్పుడు నిన్ను జూస్తున్నట్టే.

అయింది. జీపు గింత ఎత్తు లేసి నిలవడ్డది. ఊరోళ్లందరు వచ్చి సూసి, అబ్బ మస్తున్నది అన్నరు. మీ తాత మీసం మీద చెయ్యేసి, ఎక్కు అన్నడు నన్ను. నేను ఎక్కుతనా? నీళ్లు ఎక్కినంక నేను ఎక్కుత అన్న. ఇత్తడి బిందె అంచు దాక నింపి, సుట్టబట్ట కింద పెట్టి, ఎన్క సీటు మీద ఆనిచ్చి, పట్టుకోనీకె మా అత్తను కూసుండపెట్టినం. బోయేది కాల్వ తూము దాక, రెండు ఫర్లాంగులు. వచ్చినంక సూడాలె మా అత్తను! నెత్తిమీదికెల్లి కాళ్ల దాక తడిసి ముద్దయింది. బిందెల దోసెడు నీళ్లు మిగిలినయ్. “నాకు బాప్తిస్మం ఎప్పుడో అయిందిరా, మళ్ల ఎందుకిచ్చినవ్” అన్నది కొడుకును. నేను నవ్వితె కడుపుల బిడ్డ గూడ కదిలిండు.

మీ తాతకు కోపమొచ్చింది. బువ్వ తినలె. నాకు గూడ వచ్చింది. “నేను రెండు టన్నుల చెరుకునా? గింత గట్టి కమాన్ వంగాలంటె నా మీద ఇంకెంత బరువెయ్యాలె? నేను బాయి కాడికెల్లి బిందె నెత్తిన పెట్టుకొని నడిస్తె సుక్క ఎందుకు పడదు? కట్టె లెక్క బిగుసుకుంటననా? మోకాలు వంగుతది, నడుము ఊగుతది, గందుకు పడదు” అన్న. ఆయన లేసి సైకిల్ తీసుకొని పోయిండు. అలిగి పోయిండనుకున్న.

పోయింది బోధన్, ఖాదర్ భాయి కాడికి. ఖాదర్ భాయంటె కమాన్లు సాగగొట్టే కమ్మరి పనోడు, మీ తాతకు పని నేర్పినాయిన. శుక్రారం నమాజ్ అయినంక తెల్ల లాల్చీ మీదనే వచ్చిండు. జీపు ఎన్కకు పోయి రెండు చేతులేసి అదిమిండు. జీపు కదలలె. మీ తాత నేనన్న మాట ఆయనకు జెప్పిండట, నాకు జెప్పలె గని. భాయి నా దిక్కు తిరిగి, “బేటీ, నువ్వన్నది సహీ. వీడు చెరుకుకు కట్టిండు, మనిషికి కట్టలె” అన్నడు. మీ తాత తల కిందికి ఏసుకున్నడు. నాకు అప్పుడు పాపమనిపించింది.

మళ్ల రోలు పోయింది జీపు కిందికి. ఈసారి సన్నటి పట్టీలు, పొడుగుటియి, భాయి కొలిమిల కాల్చి, వంచి, నూనెల ముంచి తెచ్చిండు. పట్టీకి పట్టీకి నడుమ గిరీసు. పాత కారుయి, కుదుపు మింగే షాకప్సర్లు తెచ్చి, ఆటికి అడుగున రేకు ముక్కలు కోసి బిగించిండు మీ తాత. గిరీసుల దుమ్ము పడితె పట్టీలు మళ్ల బిగుసుకుంటయని భాయి అంటె, నేను గోనెపట్ట కోసి దబ్బనం తోటి నాలుగు కమాన్లకు నాలుగు అంగీలు కుట్టిన. పుట్టేటోనికి అంగీ కుట్టక ముందుగాల జీపుకు కుట్టిన, సూడు నా కర్మ. గిరీసు మరకలు పదిహేను దినాలు పోలె నా ఏళ్లకు.

మళ్ల బిందె నింపినం. మా అత్త, నేను రానంటె రాను, అన్నది. ఖాదర్ భాయి తెల్ల లాల్చీ మీద బిందె పట్టుకొని కూసున్నడు, ధైర్యం జూడు. తూము దాక పోయి వచ్చిండ్రు. లాల్చీ అంచు ఒక్కటే తడిసింది. మీ తాత స్టీరింగు మీద తల ఆనిచ్చిండు.

ఇగ ప్రతి పదైదు దినాలకు నిజామాబాదు. నేను ఎన్క, నా పక్కకు బిందె. బిందె లేనిది జీపు కదిలిచ్చకపోతుండె. తిరిగి సూడకుంటనే అడిగేటోడు, “నీళ్లున్నయా?” “ఉన్నయ్.” జరంత పోయినంక మళ్ల, “నీళ్లున్నయా?” నీకు ఎట్లున్నదే అని ఒక్కనాడు అడగలె బిడ్డా ఆ మనిషి. అడగనీకె భయం. గందుకు నీళ్లనే అడుగుతుండె.

నొప్పులొచ్చిననాడు పొద్దుగాల. సలికాలం, చెరుకు కాలం. కాల్వ గట్టు మీద బండ్లు బారు కట్టినయ్, ఒక్కటి జరగదు. మీ తాత హారన్ కొట్టి కొట్టి, ఇగ కాదని జీపును గట్టు దించి చెరుకు నరికిన మడిల నుంచి తీసిండు. మెల్లగనే తీసిండు, పాపం. గని నడుమ మడి ఒడ్డు ఉండె, గడ్డి కమ్మి కనవడలె. ఎక్కింది, దిగింది. ఢామ్ అనలె, గా మాట జెప్పాలె, కమాన్లు ఆపినయ్. గని బిందె ఒరిగింది. నీళ్లన్ని నా ఒళ్లె. సల్లటి నీళ్లు.

“నీళ్లున్నయా?” అన్నడు.

నేను ఆయన మెడ సూసిన ఎన్కకెల్లి. చెమట. గంత సలిల చెమట.  లేవని అన్ననా, ఆడనే జీపు ఆపి కూలవడ్తడు. నాకు తెలుసు. ఆ మడిల నన్ను ఎవ్వలు సూడాలె?

“ఉన్నయ్,” అన్న. “నిండ ఉన్నయ్. నువ్వు ముందటికి సూడు.”

నిజామాబాదు దాక ఇంకెన్ని సార్లు అడిగిండో. అన్ని సార్లు ఉన్నయనే అన్న. దవాఖాన ముందట జీపు ఆపి ఆయన లోపటికి ఉరికిండు డాక్టరమ్మ కోసం. నేను దవాఖానల పనిజేసే ఆయమ్మకు బిందె జూపించి, అమ్మా నీ కాల్మొక్త, గా నల్ల కాడ నింపి సీట్ల పెట్టు అన్న. నొప్పుల్ల ఉన్నదానికి బిందె సోకేందని ఆమె పరేషాన్ అయింది, గని నింపింది. నా చీర తడిసింది గదా, ఉమ్మనీరు పోయిందనుకున్నడు ఆయన.

మీ బాపు మాపటేళకు పుట్టిండు. ఏడుపు ఇని మీ తాత బయటికి పోయి జీపుల జూసిండట. బిందె నిండ నీళ్లు. ఆడనే నేల మీద కూసొని ఏడ్సిండని ఆయమ్మ జెప్పింది. పోయిన బిడ్డ కోసం ఏడ్వని మనిషి, గప్పుడు ఏడ్సిండు.

ఇగ బతికినన్నొద్దులు గదే ముచ్చట. పెండ్లికి పోతె గదే, సావుకు పోతె గదే. “చెరుకు మడిల నుంచి తీసిన, ఒక్క సుక్క జారలె.” ఖాదర్ భాయికి వంద సార్లు జెప్పిండు. నేను పక్కకు కూసొని, అవు అవు అంటుంటి. ఒక్కనాడు జెప్పలె. ఎందుకు జెప్తరా? రెండోది తన చేతుల మీదనే పోయిందని లోపట పెట్టుకున్న మనిషి, ఆ బిందె సూసినంకనే నిద్ర పోయిండు. నిద్ర చెడగొడ్తనా? ఆయన పోయి ఎన్నేండ్లాయె. మీ బాపుకు గూడ ఎర్క లేదు. నీకే మొదలు జెప్తున్న. నీ ఫోన్ల పడ్డదా గిది? పడనియ్యి తియ్యి.

ఎందుకు జెప్పిన్నో ఎర్కేనా? నీ పెండ్లాం రూతుకు ఐదో నెల. నీ కమాన్లు మంచియే ఉంటయ్, వద్దంటలేను. ఆమెను ఎక్కించుకొని పోతవ్, ఎట్లున్నదే అని అడుగుతవ్. మంచిగున్న అంటది. నేను గూడ గట్లనే అన్న. ఆమె మంచిగున్న అన్నా సరే, జీపు ఆపి, దిగి, ఎన్కకొచ్చి, ఆమె మొఖం జూడు బిడ్డా. మీ తాత గదొక్కటి జెయ్యలేకపోయిండు.

సల్లగుండు కొడుకా, నువ్వూ, నీ పెండ్లామూ, ఆ లోపటున్నదీ. ప్రభువు మీ తొవ్వ సాపు జెయ్యాలె. ఇగ లెవ్వు, పొద్దు పోతుంది. అటక మీద ఇత్తడి బిందె ఉన్నది, సొట్ట పడ్డది... గదే, దించుకరా. కడిగి, నిండ నింపు. ముందుగాల నేను కూసుంట.