పడుకోబెట్టిన రాజు

హలో… ఆ, నేనే. వ్రేనీని. ఎవరూ… గ్యోన్ గారా! దావోస్‌లో మంచు బాగా పడుతోందట?

…మా ఆయన లేరండీ. మధ్యాహ్నం బస్సుకి పైన చెరువు దగ్గరికి వెళ్ళారు. కాస్త గాలి కావాలట. ఇంట్లో గాలి లేనట్టు! ఐదింటి బస్సుకి దిగుతారు. ఫోను చేయించనా?

…ఉత్తరమా? ఆ, మొన్న నేనే డబ్బాలో వేశాను. మీ చదరంగం ఆటలో ఎత్తు ఎప్పుడూ కార్డు మీద రాసి పంపే మనిషి, ఈసారి కవర్లో పెట్టి అంటించి ఇచ్చారు. ఏం, ఎత్తు తప్పు రాశారా?

…ఏమిటీ?

…మళ్ళీ చెప్పండి.

"ఓటమి ఒప్పుకుంటున్నాను" అనా? మా ఫ్రిడోలినా? చాల్లెండి, మీ కళ్ళద్దాలు మార్చుకోండి! జెనీవా వాడితో ఫైనల్లో బలగమంతా పోయి ఒంటి రాజు మిగిలినా కుర్చీలోంచి లేవలేదు. జనం కోట్లు తొడుక్కుని నిలబడ్డారు, నేను సిగ్గుతో చచ్చాను. "ఆటకట్టు వాళ్ళే చెయ్యాలి వ్రేనీ, నా చేత్తో నా రాజుని పడుకోబెట్టి ఓడానని ఒప్పుకోను" అన్నారు. ఆ మొండితనంతోనే గదా తర్వాత రెండేళ్ళూ దేశానికి ఛాంపియన్ అయ్యారు!

…ఆయన గెలిచే ఆటా? నాలుగెత్తుల్లో మీకే ఆటకట్టా?

…మరి ఎందుకు రాస్తారండీ?

…ఏమో. ఒంట్లో బాగానే ఉంది. జ్యూరిచ్‌లో డాక్టరుకి చూపించుకొచ్చారు పోయిన వారం. నన్ను రావద్దన్నారు. వచ్చాక ఏమీ లేదు, వయసు అన్నారు, అంతే.

…మతిమరుపా? అదీ… ఒకసారి మన కుక్క పేరేమిటి అని అడిగారు. పదకొండేళ్ళ కుక్క! నేను నవ్వాను. కళ్ళు మూసుకుని నాలుగు బల్లల మీద ఒకేసారి ఆడిన మనిషికి కుక్క పేరు గుర్తులేదా అని… నవ్వాను గ్యోన్ గారూ. ఆయన నవ్వలేదు.

…కుక్కా? పక్కింట్లో ఉంది. పొద్దున ఆయనే దిగబెట్టారు. నాకు పని తగ్గుతుందట.

…ఎందుకలా అడుగుతున్నారు?

…బూట్లా? ఉండండి… ఇక్కడే ఉన్నాయి. మంచు బూట్లు, కర్ర, రెండూ. నల్ల బూట్లు లేవు. పోటీలకి వేసుకునేవి. ఆ కోటు కూడా… లేదు.

…చదరంగం బల్లా? వెనకగదిలో. ఫోను వైరు అక్కడిదాకా వస్తుంది, ఉండండి.

…

ఉన్నానండీ.

…మీ ఆటే. ఏనుగు, మంత్రి, బంట్లు, అన్నీ నిలబడే ఉన్నాయి. ఆయన రాజు…

పక్కకి పడుకుని ఉంది. చెయ్యి తగిలి పడింది కాదు. కింద చేతిరుమాలు పరిచారు. పక్కన ఆయన వాచీ… ఉంగరం.

…నన్ను కూర్చోమనకండి! ఎలా కూర్చోను!

…ఆగండి, హారన్! ఐదింటి పోస్టు బస్సు, మలుపు తిరుగుతోంది. వచ్చేశారు, చూశారా? ఊరికే హడలగొట్టారు నన్ను. రానివ్వండి, చెప్తాను ఈయన పని! కిటికీ తీస్తున్నాను, డ్రైవర్నే అడుగుతాను…

హైరీ! ఓ హైరీ! మా ఆయనేడీ?

…

…పైన స్టాపులో ఎవరూ లేరట. హారన్ కొట్టి పది నిమిషాలు చూశాడట. మధ్యాహ్నం ఎక్కేటప్పుడు హైరీతో చెయ్యి కలిపి, ఇన్నాళ్ళూ జాగ్రత్తగా తిప్పావు అన్నారట…

…ఏడవడం లేదు. వినండి. ఆ కాగితం చింపెయ్యండి. ఆయన ఓడిపోయారని మీరు ఎక్కడా రాయకండి, నేను ఒప్పుకోను. మీ ఎత్తు మీరు వేసి పంపించండి.

…ఏదో ఒకటి వెయ్యండి! ఇంక పెట్టెయ్యండి గ్యోన్ గారూ. పోలీసులకి చెయ్యాలి. నాకు ఈ ఫోను కావాలి.